లాగిన్ అధ్యాయం తెరిచి చూడరా

ఒరే చిన్నా,

కోఠీలో పుస్తకాల షాపు ముందు నిలబడి నువ్వు పంపిన ఫోటో అందింది. బల్ల మీద మూడు పుస్తకాలు, ఓ మూల నీ బొటనవేలు. "అత్తా, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవడానికి ఈ మూడిట్లో ఏది కొనను? త్వరగా చెప్పు, షాపతను విసుక్కుంటున్నాడు" అని కింద మెసేజి. నేనప్పుడు మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి చూసుకునేసరికి గంటన్నర దాటింది. ఈలోగా మూడిట్లోకీ లావుపాటిది కొనేసి ఉంటావని నాకు తెలుసు. మీ నాన్న పోలిక మరి. మా అన్నయ్య పుచ్చకాయైనా పుస్తకమైనా చేత్తో ఎత్తి బరువు చూసే కొంటాడు.

కొంటే కొన్నావులే, తలగడ కిందకైనా పనికొస్తుంది. కానీ నువ్వడిగింది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పాతికేళ్లుగా ఈ పని చేసే అన్నం తింటున్నదాన్ని, నా చేతులు కాలిన చోట్లు నీకు చెప్పకపోతే మేనత్తనెందుకు? అందుకే ఈ ఆదివారం పూట తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా మొదటి పుస్తకం కథ విను. 2000లో అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేదాన్ని. వైటూకే హడావుడి అప్పుడే చల్లారింది. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనబడకుండా కోచింగ్ బోర్డులు. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏఎస్‌పీ పుస్తకం ఒకటి దొరికింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ సర్వర్ పేజెస్, ఆ రోజుల్లో దానికి మంచి గిరాకీ. వెయ్యి పేజీలకి పైనే. బేరమాడి నూట ఇరవైకి తెచ్చుకున్నాను. హాస్టలుకొచ్చి వెనక అట్ట తిప్పితే సీడీ కవరుంది, సీడీ లేదు. ఎవరో బ్లేడుతో నీటుగా కోసి తీసుకున్నారు. పోతే పోయిందిలే, చదువుకోవడానికి కాగితాలున్నాయిగా అనుకున్నాను. మూడో అధ్యాయం నుంచి తెలిసింది అసలు సంగతి. ప్రతి ఉదాహరణకీ నాలుగు లైన్లు చూపించి, మిగతా కోడ్ సీడీలో చూసుకోమంటాడు. నూట ఇరవై పోసి నేను కొన్నది వెయ్యి పేజీల విషయసూచిక అన్నమాట.

ఇప్పుడు సీడీలు లేవు. ముందుమాటలో ఓ గిట్‌హబ్ చిరునామా ఇస్తారు. షాపులో నిలబడే ఫోన్లో ఆ చిరునామా కొట్టి చూడు. కోడ్ అధ్యాయాల వారీగా ఉందా, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు, 'ఇది నడవట్లేదు మహాప్రభో' అని పాఠకులు మొత్తుకున్న చోట రచయిత పలికాడా లేదా చూడు. పలికితే ఆ పుస్తకం బతికున్నట్టు. ప్రచురణకర్తల సైట్లో తప్పొప్పుల పట్టిక కూడా ఉంటుంది. పట్టిక పొడుగ్గా ఉందని జడుసుకోకు, చాలామంది కూర్చుని లైను లైనూ చదివారని దానర్థం. డొనాల్డ్ క్నూత్ అంతటివాడు తన పుస్తకంలో తప్పు పట్టుకున్నవాళ్లకి 2.56 డాలర్ల చెక్కు రాసిచ్చేవాడు. 256 సెంట్లంటే ఆయన లెక్కలో ఒక హెక్సాడెసిమల్ డాలరు! ఆ చెక్కుని బ్యాంకులో వెయ్యకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. తప్పుల పట్టికే లేని పుస్తకాన్ని చూస్తే నాకు అనుమానం.

సరే, అసలు మాటకొస్తాను. పుస్తకం చేతిలోకి తీసుకోగానే మొదటి అధ్యాయం చదవకు. మొదటి అధ్యాయం పెళ్లిచూపుల కాఫీ లాంటిది, ఎవరింట్లోనైనా బాగానే ఉంటుంది. విషయసూచికలో లాగిన్ ఎక్కడుందో వెతుకు. యూజర్ ఆథెంటికేషన్ అనో, సెషన్స్ అనో, సైన్ ఇన్ అనో పేరుండొచ్చు. ఆ అధ్యాయం తెరిచి, ఓ పక్కకి నిలబడి పది నిమిషాలు చదువు. ఆ పది నిమిషాల్లో రచయిత దొరికిపోతాడు.

లాగినే ఎందుకు అంటావా? నా మొదటి ఉద్యోగంలో, 2001లో, నాకిచ్చిన మొదటి పని అదే. ఓ కంపెనీ లోపల వాడుకునే చిన్న సైటుకి లాగిన్ పేజీ రాయమన్నారు. సీడీ లేని ఆ పుస్తకంలోంచే చూసి రాశాను. పేరు గడిలో కొట్టింది తీసుకుని, పాస్‌వర్డ్ గడిలో కొట్టింది తీసుకుని, రెంటినీ ఎస్‌క్యూఎల్ వాక్యం మధ్యలో కొటేషన్ల నడుమ అతికించాను. పుస్తకంలో అక్షరాలా అలాగే ఉంది. పేరు కొడితే లోపలికి పంపుతోంది, తప్పు కొడితే పొమ్మంటోంది. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

సాయంత్రం మా టీం లీడర్ టీ కప్పుతో వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ఓసారి జరుగమ్మా" అని వంగి, ఒంటిచేత్తో పేరు గడిలో ఒక సింగిల్ కోట్ కొట్టాడు. తర్వాత ఆర్ అనే మాట. తర్వాత ఒకటి సమానం ఒకటి, కొటేషన్లతో సహా, చివరి కొటేషన్ మాత్రం వదిలేసి. పాస్‌వర్డ్ గడిలోనూ అదే ముక్క. ఎంటర్ నొక్కి, టీ తాగుతూ చూశాడు. 'వెల్‌కం అడ్మిన్' అని తెర మీద నేను ముచ్చటపడి పెట్టుకున్న ఆకుపచ్చ అక్షరాలు.

నాకు నోట మాట రాలేదు. ఆయన కొట్టిన మొదటి కోట్ నేను తెరిచిన కోట్‌ని మూసేసింది. అక్కణ్ణించి ఆయన కొట్టింది పేరు కాదు, నా ఎస్‌క్యూఎల్ వాక్యంలో భాగం. ఒకటికి ఒకటి సమానమా అంటే ఎప్పుడూ సమానమే కనక డేటాబేస్ పట్టికలో ఉన్న అందరినీ పట్టుకొచ్చి ముందు పెట్టింది. నా కోడ్ అందులో మొదటివాణ్ణి తీసుకుంది. మొదటివాడు అడ్మిన్. దీన్నే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారని ఆయన చెప్పాడు. మందు కూడా పావుగంటలో నేర్పాడు: వాక్యం వేరు, విలువ వేరు. వాక్యంలో ఖాళీ వదిలి, విలువని విడిగా పరామితిగా పంపితే డేటాబేస్ దాన్ని ఎప్పటికీ విలువగానే చూస్తుంది, ఆజ్ఞగా చూడదు. పావుగంటలో వచ్చే ఆ సంగతి వెయ్యి పేజీల్లో లేదురా! మార్కెట్లో పేరున్న పుస్తకమే. పేరు చెప్పను, అప్పట్లో చాలా పుస్తకాలు అలాగే నేర్పాయి.

ఇప్పటికీ విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో పీహెచ్‌పీ పుస్తకాలు తిరగేస్తే మై ఎస్‌క్యూఎల్ క్వెరీ అనే పాత ఫంక్షన్‌తో ఇదే అతుకుల బొంత కనిపిస్తుంది. 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7 ఆ ఫంక్షన్ల కట్టనంతా పీకి పారేసింది. కనక ఆ కోడ్ ఇప్పుడు నడవదు కూడా. నడిచి ఉంటే ఇంకా ప్రమాదం.

లాగిన్‌లో రెండో పరీక్ష, రచయిత నీకు హెచ్‌టీటీపీ మతిమరుపు గురించి చెప్పాడా లేదా అన్నది. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో వెబ్‌ని తలపెట్టింది శాస్త్రవేత్తలు సమాచారం పంచుకోవడానికి. కాగితం అడిగావు, ఇచ్చాను, మన పని అయిపోయింది. మళ్లీ క్షణం తర్వాత అడిగితే నువ్వెవరో నాకు తెలీదు. అదీ దాని పుట్టుక. తర్వాత కొట్లొచ్చాయి, బ్యాంకులొచ్చాయి. ఇందాక సబ్బులు బుట్టలో వేసుకున్నదీ ఇప్పుడు డబ్బు కడతానంటున్నదీ ఒకడేనని గుర్తుపట్టాల్సొచ్చింది. దానికి 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లి కనిపెట్టిన చిట్కా కుకీ.

చిన్నప్పుడు దసరాకొస్తే గుడి కొండ కింద చెప్పుల స్టాండులో బిళ్ల నీ చేతికిచ్చేదాన్ని, గుర్తుందా? ఆ జనంలో స్టాండు కుర్రాడికి ఒక్క మొహమూ గుర్తుండదు. ఉండక్కర్లేదు కూడా. చెప్పులు అరలో పెడతాడు, అర నంబరున్న బిళ్ల చేతిలో పెడతాడు. దర్శనం చేసుకొచ్చి బిళ్ల చూపిస్తే చెప్పులు ఇస్తాడు. బిళ్ల కుకీ, అర సెషన్. అంతే. ఆ బిళ్ల నీ జేబులోంచి ఎవడన్నా కొట్టేశాడనుకో, నీ కొత్త చెప్పులు వాడి కాళ్లకి. అందుకే కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ అనే గుర్తు తగిలించి పేజీలోని జావాస్క్రిప్ట్‌కి కనబడకుండా దాస్తారు. బిళ్లల మీద నంబర్లు 41, 42, 43 అని వరసగా ఉంటే ఓ తెలివైనవాడు ఇంట్లోనే 42 బిళ్ల చేసుకొస్తాడు. అందుకే సెషన్ నంబరు ఎవరూ ఊహించలేనంత పొడుగ్గా, అడ్డదిడ్డంగా ఉండాలి. ఫ్లాస్క్ అనే పైథాన్ ఫ్రేంవర్క్‌లో ఇంకో తమాషా. అర గిర ఏం లేదు, చెప్పులే నీ చేతికిచ్చి వాటి మీద సీలు వేస్తాడు. నువ్వు చూసుకోవచ్చు, మార్చావో సీలు పగిలిపోతుంది. ఏ లాగిన్ అధ్యాయమైనా ఈ బిళ్ల కథ తన పద్ధతిలో చెప్పకుండా, ఈ లైబ్రరీ పెట్టుకో, ఈ మూడు లైన్లు రాయి, పనైపోయింది అందంటే ఆ పుస్తకం అక్కడే పెట్టేసి వచ్చెయ్.

మూడోది పాస్‌వర్డ్ దాచడం. డేటాబేస్‌లో పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పెట్టిన పుస్తకం నేను చూశాను. ఎండీ5తో నలిపి పెట్టమన్నవి లెక్కలేనన్ని. ఎండీ5 గబగబా పనిచేస్తుంది, దొంగకి కావలసిందీ అదే. 1999లో వచ్చిన బీక్రిప్ట్ లాంటివి కావాలనే నిదానంగా పనిచేస్తాయి, కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించేవాడికి తెల్లారిపోవాలని.

నీకు కాలేజీలో పైథాన్ వచ్చుగా. అందుకని ఒక పుస్తకాన్నే దగ్గరగా చూపిస్తాను: మిగెల్ గ్రిన్‌బర్గ్ రాసిన 'ఫ్లాస్క్ వెబ్ డెవలప్‌మెంట్'. ఓరైలీ వాళ్లది, 2014లో మొదటి కూర్పు, 2018లో రెండోది. (ఫ్లాస్క్ పుట్టుకే ఒక ఏప్రిల్ ఫూల్ సరదా, 2010లో ఆర్మిన్ రొనాకర్ చేసిన వేళాకోళంలోంచి వచ్చింది. అది వేరే కథ.) మొదటి ఏడు అధ్యాయాల్లో రూట్లు, టెంప్లేట్లు, ఫారాలు, డేటాబేస్, ఈమెయిల్, ఫైళ్లు ఎలా సర్దుకోవాలి అన్నవి. ఎనిమిదో అధ్యాయం లాగిన్. అది తెరువు.

ఫారంతో మొదలుపెట్టడు, చూడు. పాస్‌వర్డ్‌తో మొదలుపెడతాడు. దాన్ని దాచకూడదు, దాని హ్యాష్, అంటే నలిపిన రూపం, దాచాలి అంటాడు. యూజర్ క్లాసులో పాస్‌వర్డ్ అనే గుణాన్ని పెడతాడు గానీ, అందులో రాయొచ్చు, చదవబోతే ఎర్రర్ వస్తుంది. తలుపుకి లోపలికి మాత్రమే తెరుచుకునే బందు పెట్టినట్టు. రేపు నీ టీంలో ఎవడన్నా పొరపాటున పాస్‌వర్డ్‌ని తెర మీద అచ్చేద్దామన్నా కుదరదు. వెంటనే నాలుగు చిన్న టెస్టులు రాస్తాడు. నాలుగోది నాకు మహా ఇష్టం. ఇద్దరు యూజర్లని చేసి ఇద్దరికీ ఒకే పాస్‌వర్డ్, 'క్యాట్' అని ఇస్తాడు. ఇద్దరి హ్యాష్‌లూ వేరువేరుగా ఉన్నాయా అని అడుగుతాడు. ఉండాలి. నలిపే ముందు ఒక్కో పాస్‌వర్డ్‌కీ వేరుగా కలిపే సాల్ట్ అంటే ఏంటో ఓ పేజీ ఉపన్యాసం ఇచ్చే బదులు ఒక్క టెస్టుతో చేతికి తగిలేలా చెప్పాడు. ఒక పట్టికలో నలుగురి హ్యాష్‌లు ఒకేలా కనబడితే నలుగురి పాస్‌వర్డూ ఒకటేనని దొంగకి తెలిసిపోతుంది కదా, అందుకని.

ఆ పుస్తకం మొత్తంలో కట్టేది ఒకే ఒక్క అప్లికేషన్, ఫ్లాస్కీ అని. ఇదీ చూసుకోవాల్సిన గుణమే. అధ్యాయానికో బొమ్మ చేసి పారేసే పుస్తకాలు చదివినప్పుడు హాయిగా ఉంటాయి, చివరికి నీ చేతిలో పదిహేను బొమ్మలుంటాయి, ఇల్లుండదు. ఐదో అధ్యాయంలో నువ్వు బద్ధకించి పెట్టిన డేటాబేస్ పట్టిక పన్నెండో అధ్యాయంలో నీ పీక పట్టుకోవాలి. అప్పుడే బుద్ధొస్తుంది. ఆయన గిట్‌హబ్‌లో ప్రతి మెట్టుకీ ఒక గుర్తు పెట్టాడు, 8ఏ, 8బీ అని. ఎక్కడ తప్పిపోయావో అక్కడికే వెళ్లి ఆయన కోడ్‌తో నీ కోడ్ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇంతగా మెచ్చుకున్నాను గదా, ఆ ఎనిమిదో అధ్యాయమే నిన్ను ఏడిపిస్తుందని కూడా చెబుతాను. ఈమెయిల్ నిజమైనదో కాదో తేల్చడానికి ఓ టోకెన్ తయారుచేస్తాడు. దానికి ఇట్స్‌డేంజరస్ అనే లైబ్రరీలోంచి టైమ్డ్ జేసన్ వెబ్ సిగ్నేచర్ సీరియలైజర్ అనే చాంతాడంత పేరున్నదాన్ని తెచ్చుకోమంటాడు. 2022లో 2.1 కూర్పు నుంచి దాన్ని తీసేశారు. నువ్వు ఈరోజు కొత్తగా లైబ్రరీలు దింపుకుని ఆ లైను రాస్తే, అసలు అలాంటి పేరే లేదు పొమ్మంటుంది. చాలామంది పిల్లలు ఇక్కడే పుస్తకాన్ని తిట్టి మూసేస్తారు. నువ్వు అలా చెయ్యకు. ఆయన కోడ్‌తో పాటు ఏ లైబ్రరీ ఏ కూర్పో రాసిన ఫైలు ఇచ్చాడు, వాటినే దింపుకుంటే ఆనాటి లోకం ఆనాటిలాగే నడుస్తుంది. మరీ పాత కూర్పులకి కొత్త పైథాన్ పడకపోతే పైథాన్ కూడా ఆ కాలం నాటిదే పక్కన పెట్టుకో. లేదా అదే లైబ్రరీలో ఇప్పుడున్న ఇంకో సీరియలైజర్‌తో ఆ పది లైన్లూ నువ్వే తిరగరాయి. రెండోది చేశావంటే నీకు టోకెన్ సంగతి అచ్చంగా వచ్చేసినట్టే.

ఎంత మంచి పుస్తకానికైనా ఈ గతి తప్పదు. హ్యారీ పెర్సివల్ అని, పైథాన్‌తో టెస్టులు ముందు రాసి కోడ్ తర్వాత రాయడం నేర్పే పుస్తకం ఒకటి రాశాడు. మేకని గురువుగా పెట్టుకున్న పుస్తకం, సరదాగా ఉంటుంది. ఇంటర్నెట్లో ఉచితంగా చదువుకోవచ్చు. 2014 నాటి మొదటి కూర్పులో లాగిన్ కోసం మొజిల్లా వాళ్ల పర్సోనా అనే సేవని వాడాడు. 2016లో మొజిల్లా ఆ సేవ మూసేసింది. పాపం, అధ్యాయానికి అధ్యాయమే గల్లంతు. 2017లో రెండో కూర్పు వేసి, పాస్‌వర్డ్ లేకుండా ఈమెయిల్‌కి లింకు పంపే పద్ధతి పెట్టి తిరగరాశాడు. అలా తిరగరాసే ఓపికున్న రచయితని నేను సగం కళ్లు మూసుకుని నమ్ముతాను.

కనక పుస్తకం వయసు చూడ్డం నేర్చుకో. ఇక్కడో కిటుకుంది. ఓరైలీ పుస్తకాలు మన దగ్గర ష్రాఫ్ వాళ్లు అచ్చేస్తారు, అందుకే నీకూ నాకూ అందే ధరలో దొరుకుతాయి. హక్కుల పేజీలో పునర్ముద్రణ సంవత్సరం కొత్తగా కనిపిస్తుంది. షాపతను దాని మీద వేలుపెట్టి, ఇదిగో సార్, లేటెస్టు అంటాడు. అచ్చు కొత్తదే, కూర్పు పాతది. మొదటి కూర్పా రెండోదా, అది ఏ సంవత్సరంలో వచ్చింది, అందులో ఫ్రేంవర్క్ ఏ వెర్షన్ అన్నవి చూడు. పైథాన్‌లోనే ఇంకో ఫ్రేంవర్క్ జాంగో ఉంది, దాని పుస్తకమైతే ఇంకా తేలిక. ఒక పట్టికని ఇంకో పట్టికకి కట్టే చోట, ఫారిన్ కీ పక్కన ఆన్ డిలీట్ అనే మాట ఉందా చూడు. 2017 డిసెంబర్‌లో వచ్చిన జాంగో 2.0 నుంచి అది రాయకపోతే కోడ్ కదలదు. ఆ మాట లేదంటే పుస్తకం అంతకు ముందుదే.

పాతదంతా పారెయ్యమని కాదు. ఒకే పుస్తకంలో హెచ్‌టీటీపీ, ఎస్‌క్యూఎల్ గురించి చెప్పిన పేజీలు ఆవకాయ లాంటివి, ఏడాది దాటినా జాడీలో భేషుగ్గా ఉంటాయి. ఫ్రేంవర్క్ పేజీలు చేపల పులుసు. వండిన రోజు బాగుంటుంది, మర్నాడు ఇంకా బాగుంటుంది. మూడో నాడు వాసన చూసుకోవాలి.

నీ ఫోటోలో మధ్యనున్నది డేవిడ్ ఫ్లానగన్ జావాస్క్రిప్ట్ పుస్తకం, ఖడ్గమృగం బొమ్మది. మంచిదే. 1996 నుంచి ఏడు కూర్పులు చూసింది. కానీ అది నిఘంటువురా, నిఘంటువు చదివి ఎవడూ భాష నేర్చుకోడు. బల్ల మీద ఉండాలి, అనుమానం వస్తే తీయాలి. బ్రౌజర్ వైపు మొదటి పుస్తకంగా మరైన్ హేవర్‌బేక్ రాసిన 'ఎలక్వెంట్ జావాస్క్రిప్ట్' చదువు. 2024లో నాలుగో కూర్పు వచ్చింది, రచయితే నెట్‌లో ఉచితంగా పెట్టాడు. పేజీలోనే కోడ్ మార్చి నడిపి చూసుకోవచ్చు. ఐదో అధ్యాయంలో కాస్త కొండెక్కినట్టుంటుంది, ఆగి ఎక్కు. చివర్లో నోడ్‌తో ఓ చిన్న సైటు కట్టిస్తాడు, ఫ్రేంవర్క్ ఊతం లేకుండా. అది చేశాక ఏ ఫ్రేంవర్క్ చూసినా లోపల ఏం జరుగుతోందో నీకు లీలగానైనా తెలుస్తుంది.

ఇంకో మాట, నువ్వు నాతో ఎప్పుడూ అనలేదు గానీ నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషు పుస్తకమంటే లోపల ఓ బెరుకు. నాకూ ఉండేది. అందుకని షాపులో మధ్య పేజీ ఒకటి తీసి పెదాలు కదిలిస్తూ చదివి చూడు. టెక్నికల్ మాటలు తెలియకపోతే ఫర్లేదు, అవి ఎవరికైనా కొత్తే. మామూలు ఇంగ్లీషే అడ్డం పడుతుంటే ఎంత గొప్ప పుస్తకమైనా వద్దు. అది రచయిత చేతకానితనం, నీది కాదు. నేను ఇప్పటికీ నోట్సు తెలుగులోనే రాసుకుంటాను. 'కుకీ వెనక్కొచ్చింది గానీ సెషన్ లేదు, అంటే సర్వర్ మర్చిపోయింది' అని రాసుకుంటే నాకు అర్థమైందో లేదో నాకే తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాక్యం ఎత్తి రాసుకుంటే అర్థమైనట్టు అనిపిస్తుంది, అంతే.

ఉద్యోగాలన్నీ జావాలో ఉన్నాయట అని మీ హాస్టల్ వాళ్లు భయపెడుతున్నారు కదూ. ఉన్నాయి. ఆ జావా వాళ్ల స్ప్రింగ్ ఫ్రేంవర్క్ ఒక పుస్తకంలోంచే పుట్టిందిలే. 2002లో రాడ్ జాన్సన్ జావా గురించి రాసిన పుస్తకంతో పాటు ఇచ్చిన కోడ్ జనానికి నచ్చి, అదే పెరిగి ఫ్రేంవర్క్ అయింది. నువ్వు ఆ దారిలో వెళ్తే పరీక్ష ఇది: ఇంపోర్ట్ లైన్లలో జావాఎక్స్ సర్వ్‌లెట్ అనుందా, జకార్తా సర్వ్‌లెట్ అనుందా చూడు. 2022 నవంబర్‌లో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 నుంచి జకార్తానే. కానీ ముందు పైథాన్‌లో ఒక లాగిన్ అడుగు దాకా చూసినవాడికి స్ప్రింగ్ సెక్యూరిటీ ఓ నెలలో లొంగుతుంది. చూడనివాడు యానోటేషన్లు కంఠస్థం చేస్తూ కూర్చుంటాడు.

చాట్‌బాట్‌ని అడిగితే అరనిమిషంలో లాగిన్ పేజీ రాసిస్తుంటే పుస్తకమెందుకు అత్తా అంటావు. రాయించుకో, నేనూ రాయించుకుంటాను. అడిగినదానికి అది బాగానే చెబుతుంది. సాల్ట్ అనేది ఒకటుందని తెలియనివాడు దాని గురించి ఏమని అడుగుతాడు? అడగడం తెలియని ప్రశ్నల కోసమే పుస్తకం. ఇక నీ ఫోన్లో ఉన్న పీడీఎఫ్‌ల గుట్ట సంగతి నేను మాట్లాడను. ఒక్కటి కొను. డబ్బు పెట్టి కొన్నది ఎదురుగా కూర్చుని రోజూ నీ మొహం చూస్తుంది.

చదివేటప్పుడు కోడ్ కాపీ కొట్టి అతికించకు, చేత్తో కొట్టు. తప్పులొస్తాయి, రావాలి. నడిచాక ఒక లైను తీసేసి ఏ ఎర్రర్ వస్తుందో చూడు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పెట్టుకుని లాగిన్ అవ్వు. పోస్ట్ వెళ్తుంది, 302 వస్తుంది, ఆ జవాబులోనే సెట్ కుకీ అని ఓ లైనుంటుంది. అదే నీ బిళ్ల. దాన్ని చెరిపేసి పేజీ మళ్లీ తెరువు, నువ్వెవరని అడుగుతుంది. చెప్పుల స్టాండు నీ కళ్లముందు నడుస్తుంది.

లావుపాటి పుస్తకం బిల్లు పారెయ్యకుండా ఉంచావా? ఉంచితే రేపు ఉదయమే వెళ్లి, లాగిన్ అధ్యాయం తెరిచి చూసి, బాగుంటే ఉంచుకో, లేకపోతే మార్చుకో. షాపతను విసుక్కుంటే విసుక్కోనీ. దసరాకి ఎలాగూ వస్తున్నావుగా, లాప్‌టాప్ తెచ్చుకో. గారెలు వేసి పెడతాను. నీ లాగిన్ పేజీ తెరిచి, పేరు గడిలో మొదటి సింగిల్ కోట్ మాత్రం నేనే కొడతాను.

మీ అత్త